మిగతా రెండు ఉన్నాయి కదా

“మూడూ ఒకే బీరువాలో పెట్టారా, బాబాయిగారూ?” అంది ఉత్పల, నవ్వాలో కోప్పడాలో తెలియక.

గంగాధరం గారు తొణకలేదు. “మరి? ఇనప బీరువా. మా తాతల నాటిది. తాళంచెవి ఇదిగో, నా మొలతాడుకే ఉంది,” అన్నారు.

“వరదొస్తే మీ తాతల నాటి బీరువా ఈదుకుంటూ ఒడ్డుకి వస్తుందా? మునిగితే మూడూ మునుగుతాయి. దొంగ ఎత్తుకుపోతే మూడూ పోతాయి. మూడు ఉన్నాయని మీరు అనుకోవడమే గానీ, ఉన్నది ఒక్కటే.”

“ఒకటి వియ్యంకుడింట్లో పెట్టమంటారు మీరు. మా ఇంటి గుట్టంతా తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టినట్టు కాదూ? అసలే ఆయనకి ఖాళీ ఎక్కువ.”

“మీ వేలు పడందే అది తెరుచుకోదండీ. ఊరగాయ జాడీ మీద బరువు పెట్టుకోవడానికి తప్ప ఆయన దాన్ని ఇంకెందుకూ వాడుకోలేడు. ఆ ఖాళీ మనిషికి ఈ చిన్న పని అప్పగించండి, పుణ్యం ఉంటుంది.”

గంగాధరం గారు పాత తువ్వాలులో చుట్టి తెచ్చిన మూడు స్మృతిశిలలూ ఉత్పల శిలల దుకాణంలో బల్ల మీద ఉన్నాయి. ఒక్కొక్కటీ సబ్బుబిళ్ళంత. రాత ఉన్న శిల పొగపట్టిన లాంతరు గాజులా మసకగా ఉంటుంది. ఆ మసకలోనే ఒక ఇంటి దస్తావేజులు, పెళ్ళి దృశ్యాలు, పిల్లల చదువుల పత్రాలు, చనిపోయిన తల్లి పాడిన మంగళహారతి, సమస్తమూ ఉంటాయి. బందరు లాంటి ఉప్పుగాలి ఊళ్ళో శిల తప్ప మరేదీ నిలవదని ఉత్పల ఇరవై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉంది. తిరుగుడుబిళ్ళలోనూ దాచుకోవచ్చు, చవక, కానీ ఒక్కసారి చెయ్యిజారితే అంతే సంగతులు. రేణుపలక వేగం, కానీ రెండేళ్ళు ముట్టుకోకుండా పక్కన పెడితే తనలోది తానే మర్చిపోతుంది. శిలకు ఆ రెండు జబ్బులూ లేవు.

ముప్పై ఏళ్ళ కిందట ఇవేవీ లేవు. అప్పట్లో జనం తమ సర్వస్వాన్నీ ఎక్కడో ఉన్న ఎవరివో యంత్రాల్లో దాచుకుని, దానికి మేఘం అని ముద్దుపేరు పెట్టుకుని, గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయేవాళ్ళు. ఆ మేఘం ఏడు రోజుల్లో కూలిపోయింది. దేశంలో సగం మందికి తమ పెళ్ళి ఫొటో ఒక్కటైనా మిగల్లేదు. ఆ మేఘపాతం తరువాతే ముప్పేట చట్టం వచ్చింది. ప్రతి ఇంటికీ మూడు శిలలు, మూడు చోట్ల, అందులో ఒకటి మూడు వందల కిలోమీటర్ల అవతల. ఆ మూడూ రోజూ పొద్దున్నే ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఏ శిలకైనా పగులు వస్తే మిగతా రెండూ కలిసి బాగుచేస్తాయి. అన్నీ సవ్యంగా ఉంటే ప్రతి ఇంట్లోనూ సన్నటి గంట మోగి, ‘క్షేమం’ అన్న మాట వినిపిస్తుంది. ఇప్పుడు ఆ గంట వినందే ఎవరూ కాఫీ తాగరు.

గంగాధరం గారు గొణుక్కుంటూనే ఒక శిలను వియ్యంకుడికి, ఒకదాన్ని అనంతపురంలోని మేనల్లుడికి పంపడానికి ఒప్పుకుని లేచారు. ఆయన గడప దాటుతుండగా తరళ లోపలికి వచ్చింది, చేతిలో లడ్డూల పొట్లంతో.

“పెద్దమ్మా! పనిలో ఉన్నావా?”

“నీకంటే పనేంటే? రా. నిన్న రాలేకపోయాను, ఏమీ అనుకోకు తల్లీ. పదహారు నిండాయి, పెద్దదానివైపోయావు,” అని ఉత్పల పొట్లం విప్పి ఒక లడ్డూ సగం తుంచి నోట్లో వేసుకుంది. “నాన్న ఏడీ?”

“బయట బండిలో కూర్చున్నాడు. నీ మొహం చూడలేడట.”

“నేనేం చేశానే?”

“నువ్వు కాదు, తనే చేశాడు.” తరళ కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుంది. “అమ్మ శిల తెద్దామని నిన్న పొద్దున్న పెట్టె తీశాం. తెల్లగా ఉంది పెద్దమ్మా. కడిగిన గాజులాగా. నాకు ఆరేళ్ళప్పుడే విడిచేశాడట, రాతంతా చెరిపేశాడట. చెప్పి ఒకటే ఏడుపు. నేనే ఊరుకోబెట్టాను. పోనీలే నాన్నా, పెద్దమ్మ దగ్గరుంది కదా అన్నాను. ఊరందరికీ దాచిపెట్టేది మా పెద్దమ్మ, తన దగ్గర పోతుందా అన్నాను.”

ఉత్పల మిగతా సగం లడ్డూ పొట్లంలో పెట్టేసింది.

చంపక ఉత్పలకు చెల్లెలు. వాళ్ళ నాన్న తెలుగు మాస్టారు, పద్యాల పిచ్చి, అందుకే ఆడపిల్లలిద్దరికీ ఆ పేర్లు. మగపిల్లాడు పుడితే శార్దూలమనో మత్తేభమనో పెడతాడని భయపడి వాళ్ళమ్మ పురిటి గదిలోంచే భార్గవ అని కేకేసి చెప్పిందని ఇంట్లో నవ్వుకునేవారు. చంపక తన కూతురికీ తండ్రి మాట నిలిపి తరళ అని పెట్టుకుంది. ఆ పిల్లకు నాలుగేళ్ళప్పుడు నెత్తురు జబ్బుతో మూడు నెలలు ఆసుపత్రిలో ఉండి చంపక చనిపోయింది.

మనిషి పోతే పెద్దకర్మ నాడు అప్పగింత చెయ్యడం ఇప్పుడు ఆనవాయితీ. పోయినవారి మాటా బొమ్మా ఎవరి దగ్గర ఏది ఉన్నా అంతా ఊడ్చి శిలలోకి చేరుస్తారు. చుట్టాల దగ్గర ఒక్క ఫొటో కూడా మిగలనివ్వరు. చచ్చిపోయినవాళ్ళ గొంతులు దొంగిలించి వాటితో బతికున్నవాళ్ళను ముంచే ముఠాలు పెరిగిపోయాక పెట్టిన కట్టడి అది. మూడు నకళ్ళకూ పసుపు కుంకుమలు పెట్టి ముగ్గురు దాపరుల చేతుల్లో పెడతారు. చంపక శిలలకు దాపరులు భర్త కోదండపాణి, అక్క ఉత్పల, కర్నూలులో ఉండే తమ్ముడు భార్గవ.

చివరి వారంలో చంపక ఆసుపత్రి మంచం మీద నుంచి కూతురితో గంటసేపు మాట్లాడి ఆ మాటలకు ముద్ర వేసింది. పదహారేళ్ళు నిండిన తరళ బొటనవేలు తగిలితేనే ఆ ముద్ర విడుతుంది. అందులో ఏముందో మరొక ప్రాణికి తెలియదు.

“ఇవ్వు పెద్దమ్మా,” అంది తరళ, బొటనవేలు చూపిస్తూ. “చూడు, గోరింటాకు కూడా పెట్టుకోలేదు. వేలు పట్టదేమోనని.”

“నాది... ఇక్కడ లేదే,” అంది ఉత్పల. “అయినా మావయ్య దగ్గరిదైతే ఇంకా మంచిది. కర్నూలు పొడి గాలి కదా, శిల కొత్తదానిలా ఉంటుంది. ఉండు, ఇప్పుడే అడుగుతాను.”

ఆమె వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వేసుకున్నాక కాసేపు తలుపుకు ఆనుకుని నిలబడిపోయింది. ఇరవై ఏళ్ళలో ఆమె వచ్చినవాళ్ళకు అబద్ధం చెప్పలేదు. సొంత చెల్లెలి కూతురికి చెప్పింది.

చంపక చనిపోయిన వారంలో బందరును తుపాను ముంచింది. ఉత్పల మోకాలి లోతు నీళ్ళలో ఇల్లిల్లూ తిరిగి జనం శిలలను మూటగట్టి మిద్దెలెక్కించింది. ఇంకో రెండు రోజుల్లో వస్తానే అని చెల్లెలికి రెండుసార్లు కబురు పంపింది. నీళ్ళు తీశాక ఆసుపత్రి ఉన్న ఊరికి వెళ్ళేసరికి చంపక లేదు. అప్పగింత అయిన మర్నాడు ఆమె తన వంతు శిలను తెరిచింది. ఆసుపత్రి గదిలో పట్టిన ఆ చివరి ఆరు రోజుల్లోనూ చంపక గొంతు పదే పదే ఒకటే అడిగింది. “అక్క వచ్చిందా?” నర్సు రాలేదనేది. “బయట ఎవరో వచ్చినట్టుంది, అక్కేమో చూడమ్మా.” ఏడాదిన్నర పాటు ఉత్పల రోజూ ఆ ఆరు రోజులూ విన్నది. అన్నం పెట్టుకున్నా అదే, మంచమెక్కినా అదే. విననని ఒట్టు పెట్టుకునేది, సాయంత్రానికి మళ్ళీ తెరిచేది. ఒక మధ్యాహ్నం ఇక బతకలేననిపించి శిలను విడుపుగూటిలో పెట్టి, వేలు నొక్కింది. మిగతా రెండు ఉన్నాయి కదా అనుకుంది. ఆ సాయంత్రం ఏడాదిన్నర తరువాత మొదటిసారి కడుపునిండా తిన్నది.

విడిచిన సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. ఎవరు ఉంచుకున్నారు, ఎవరు వదిలేశారు అని చుట్టాలు తలలు పగలగొట్టుకుని కోర్టులకెక్కిన రోజుల్లో, విడుపు గుట్టుగా ఉండాలని చట్టం చేశారు. విడిచిన శిలను మిగతావి తిరిగి నింపవు. అది కూడా పొద్దుటి పలకరింపుకు మామూలుగానే బదులు పలుకుతుంది. క్షేమమనే అంటుంది.

ఎదురుతెర మీద భార్గవ కనబడ్డాడు. జుట్టు బాగా నెరిసింది.

“ఏంటక్కా, ఈ వేళప్పుడు? దుకాణం లేదా?”

“తమ్ముడూ, చంపక శిల కావాలిరా. పిల్ల వచ్చింది. ఇవాళే కర్నూలు వచ్చేస్తాం, తీసి ఉంచు.”

తెర నిలిచిపోయిందేమోనని ఉత్పల దాన్ని తట్టింది.

“భార్గవా?”

“నీ దగ్గరుంది కదక్కా.”

“నా సంగతి తరవాత. నీదేమైందిరా?”

“నీ దగ్గరుంది కదా,” అన్నాడు అతను మళ్ళీ. “నీ పనే అది కదా. నువ్వు విడుస్తావని ఎవరనుకుంటారు?”

ఉత్పల గోడవారగా ఉన్న పెట్టె మీద కూలబడింది. “ఎప్పుడురా?”

“అమ్మ ఉన్నప్పుడే, చంపక పోయిన మరుసటి ఏడే. అమ్మ పొద్దస్తమానం దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. చంపక ఏదో అంటే ఈవిడ బదులు చెప్పేది. కూరేం వండమంటావే అని అడిగేది. తిండి మానేసింది. నన్ను చూసి ఎవరు బాబూ నువ్వు అనేది అక్కా, నన్ను! అమ్మనైనా దక్కించుకుందామని విడిచేశాను. బాగుచెయ్యడానికి ఇచ్చామమ్మా అని చెప్పాను. పోయేదాకా అడుగుతూనే ఉంది, బాగుచేసి ఇచ్చారట్రా అని.” అతను కళ్ళు తుడుచుకున్నాడు. “నువ్వూ, బావా ఉన్నారు కదా అనుకున్నా.”

“నేనూ అదే అనుకున్నానురా,” అంది ఉత్పల.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదేళ్ళుగా మూడు ఖాళీ గాజుబిళ్ళలు రోజూ పొద్దున్నే ఒకదాన్నొకటి క్షేమమా అంటే క్షేమం అనుకుంటున్నాయి. ఆ గంట విని ముగ్గురూ హాయిగా కాఫీ తాగుతున్నారు. శిల పగిలితే అతికే వాళ్ళున్నారు, నీట మునిగినదాన్ని ఆరబెట్టి చదివే వాళ్ళున్నారు. విడిచినదాన్ని తిరిగి తెచ్చే విద్య మాత్రం ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఆ సంగతి ఆమె కంటే తెలిసినవాళ్ళు ఈ జిల్లాలోనే లేరు.

“చెప్పకక్కా. దారిలో పోయిందని చెబుదాం,” అన్నాడు భార్గవ.

“ఒక అబద్ధం చెప్పే లోపలికొచ్చానురా. ఇంకొకటి నావల్ల కాదు. నువ్వు తెర కట్టెయ్యకు.”

తెరను చేత్తో పట్టుకుని ఆమె బయటికి వచ్చింది. తరళ లేచి నిలబడి ఉంది. ఉత్పల మొహం చూడగానే ఆ పిల్ల నవ్వు సగంలో ఆగింది.

“మావయ్యది కూడానా?”

“మావయ్యదీ. నాదీనమ్మా. మూడూ లేవు. నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం.”

తరళ తిట్టలేదు, కొట్టలేదు. తన బొటనవేలు వైపు ఒకసారి చూసుకుని, దాన్ని గుప్పిట్లో ముడుచుకుంది. చిన్నపిల్లలా నేల మీద కూర్చుండిపోయింది. ఉత్పల పక్కన కూర్చుని తన ఆరు రోజుల సంగతి చెప్పింది, దాచకుండా. భార్గవ తమ అమ్మ సంగతి చెప్పాడు. ఇంత ఆలస్యమవుతోందేమిటా అని కోదండపాణి లోపలికి వచ్చి, గుమ్మంలోనే సంగతంతా అర్థమై తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

“నేను ఒకటి విడిచాను వదినా,” అన్నాడు. “చంపక గొంతు వినబడితే చాలు, ఇది అమ్మా అమ్మా అంటూ తలుపుల వెనకా మంచాల కిందా వెతికేది. కనబడక అన్నం మానేసేది. ఆరేళ్ళ పిల్ల. చూడలేకపోయాను. మీ దగ్గర భద్రంగా ఉంటుందని...”

“ఊరుకోండి పాణిగారూ. మనం ముగ్గురం ఒకే తప్పు చేశాం.”

“మీరు నా కోసం చేశారు, అమ్మమ్మ కోసం చేశారు, బతకలేక చేశారు. అది అర్థమైంది నాన్నా,” అంది తరళ. గొంతు పైకి లేచింది. “కానీ నాకెందుకు చెప్పలేదు? అమ్మ గురించి ఎప్పుడడిగినా మీరంతా ఏమనేవాళ్ళు? పదహారు రానీ, అంతా శిలలో ఉంది, నువ్వే చూద్దువుగాని అనేవాళ్ళు. అమ్మ ఎలా నవ్వేదంటే శిల. అమ్మకి ఏ కూరిష్టమంటే శిల. బళ్ళో అందరూ వాళ్ళ అమ్మల గురించి చెబుతుంటే నేను నోరు మూసుకుని కూర్చునేదాన్ని, నాకు పదహారు రాలేదు కదా అని. ఒక్క ముక్క చెప్పలేదు మీరు. పన్నెండేళ్ళు! ఒక్క ముక్క!”

అది నిజం. చంపక పేరెత్తితే మనసు చెదిరిపోతుందని ముగ్గురికీ భయం. శిల ఉంది కదా, మనం నోరు విప్పడమెందుకనే ధీమా ముగ్గురికీ ఉంది. ఏ పండక్కి కలిసినా ఆమె తలపు వచ్చేసరికి ఎవరో ఒకరు కూరలో ఉప్పు సంగతి ఎత్తేవారు.

“ఇప్పుడడుగమ్మా,” అన్నాడు భార్గవ తెర మీద నుంచి. “ఏం కావాలంటే అది అడుగు. చెప్తాం.”

“అవునమ్మా, అడుగు,” అంది ఉత్పల ఆత్రంగా. శిల పోతే పోయింది, మేం బతికే ఉన్నాం కదా అని ఆమెకు ప్రాణం లేచి వచ్చినట్టయింది.

తరళకు అడగాల్సినవి పన్నెండేళ్ళవి ఉన్నాయి. అన్నిటిలోకీ చిన్నది ఎంచుకుంది.

“అమ్మ నన్నేమని పిలిచేది?”

“బంగారూ అని,” అన్నాడు కోదండపాణి వెంటనే. “పొద్దున్న లేపేటప్పుడు కూడా బంగారూ, బంగారూ అనే.”

ఉత్పల నొసలు ముడిచింది. “బంగారూ అనేది మీరు కదండీ. మా చంపక చిన్నీ అనేది. నాకు బాగా గుర్తు, చిన్నీ ఇలా రా అనేది.”

“చిన్నీ నువ్వు చంపకని పిలిచే పేరక్కా,” అన్నాడు భార్గవ. “పాపని గువ్వా అనేది. గువ్వపిట్టా అని... ఉండు. అలా అన్నది చంపకేనా, లేక మన అమ్మా?”

“బంగారూ అని నేనేనేమో,” అన్నాడు కోదండపాణి మెల్లగా. ఉత్పల కళ్ళు మూసుకుని చెల్లెలి గొంతులో ఆ పిలుపు వినాలని చూసింది. అక్క వచ్చిందా అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ వినబడలేదు. విడిస్తే పోతుందనుకున్నది పోలేదు. ఉంటుందనుకున్నది మిగల్లేదు.

తరళ తండ్రిని చూసింది, తెర మీద మావయ్యను చూసింది, పెద్దమ్మను చూసింది.

“అమ్మ తెలిసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా, పెద్దమ్మా?” అని అడిగింది.

ఉత్పల ఎంత వెతికినా ఒక్క పేరూ దొరకలేదు. ఆ పిల్లను దగ్గరికి లాక్కోవాలని చెయ్యి చాచింది గానీ, ఏమని పిలవాలో తోచలేదు.